రెండో తాబేలు

ఒక ఇంటికి నేల ఊడ్చే రోబోలు ఎన్ని కావాలి? నా చిన్నప్పుడు ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే మా అమ్మ ముందు వాళ్ళ నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూసేది. అలాంటిది, ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరం అన్నం దగ్గర కూర్చుని ఆలోచించింది దాని గురించే. ఒకటా, రెండా? ఇంతోటి లెక్క తేలడానికి మాకు రెండు నెలలు పట్టింది. తేల్చింది కూడా మేము కాదు.

మాది దర్జీల ఇల్లు. ముందు భాగం కుట్టు కొట్టు, వెనక వంటిల్లు, పక్కన పెద్దవాడి గది, మా ముసలాళ్ళ గది. పైన చిన్నవాడి కాపురం. మధ్యలో పదహారు మెట్లు, ఎనిమిదో మెట్టు దగ్గర మలుపు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ, "మెట్లు బయట నుంచి పెట్టుకోండి, రేపు పైభాగం అద్దెకిచ్చుకోవచ్చు" అన్నాడు. మా ఆయన టేపు మెళ్ళో వేసుకుని, "పైన ఉండబోయేది నా కొడుకయ్యా, అద్దెవాడు కాదు. మెట్లు ఇంట్లోంచే పెట్టు" అన్నాడు. అందుకని పైవాళ్ళు బయటికి వెళ్ళాలన్నా లోపలికి రావాలన్నా కొట్లోంచే, మిషన్ల మధ్య నుంచే రావాలి. ఒకటే తలుపు, ఒకటే పొయ్యి, ఒకటే ఫ్రిజ్. మా ఇల్లంతా అలా ఒకటి అంకె మీద నిలబడింది.

ఎండాకాలమంటే మాకు యూనిఫారాల కాలం. బళ్ళు తెరిచేలోపల వందల చొక్కాలు, స్కర్టులు కుట్టి ఇవ్వాలి. పెద్దవాడు కత్తిరిస్తాడు, పెద్ద కోడలు కుడుతుంది, మా ఆయనకి చూపు తగ్గినా వేళ్ళకి చూపుంది కాబట్టి గుండీలు కుడతాడు. ఆ రెండు నెలలూ ఇంట్లో ఎటు చూసినా నీలమే. నీలం ముక్కలు, నీలం దారాలు, ఆఖరికి తుమ్మితే నీలం నూగు.

ఆ నూగే మా కొంప ముంచింది. చిన్నవాడి కూతురికి అప్పుడు పది నెలలు. పాకుతోంది. రాత్రీ పగలూ దగ్గు, గురగుర. డాక్టరు గొట్టం పెట్టి విని, "దుమ్ము పడదు ఈ పిల్లకి, నేల అద్దంలా ఉండాలి" అన్నాడు. చిన్నవాడు బస్సు డిపోలో మెకానిక్కు. ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ చంకలో అట్టపెట్టె పెట్టుకుని వచ్చాడు. విప్పితే నల్లగా, గుండ్రంగా, మూత పెట్టిన మూకుడులా ఒక వస్తువు.

"ఇదేంట్రా?" అన్నాను.

"నేల ఊడ్చే రోబో అమ్మా. బొత్తాం నొక్కితే అదే తిరుగుతుంది, అదే ఊడుస్తుంది."

"జీతం?" అన్నాడు పెద్దవాడు కత్తెర ఆపకుండానే.

"కరెంటు తాగుతుంది. అంతే."

"అయితే మీ వదిన కంటే నయం. తను టీ కూడా తాగుతుంది."

పెద్ద కోడలు మిషన్ మీదనుంచి ఒక దారపు ఉండ విసిరింది, మొగుడి మీదకి. అప్పట్లో ఇలా ఉండేది మా ఇల్లు.

అది కిర్రుమంటూ బయల్దేరి మా ఆయన కుర్చీ కిందకి దూరింది. ఆయన రెండు కాళ్ళూ పైకెత్తి, అది వెళ్ళిపోయిందాకా అలాగే గాల్లో పెట్టి, "తాబేలే ఇది! తాబేలుని కొనుక్కొచ్చావురా!" అన్నాడు. ఆ రోజు నుంచి అది తాబేలే.

తాబేలు గోడల్ని గుద్దుకుని, బల్ల కాళ్ళ చుట్టూ తిరిగి, చివరికి మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది. మొదటి మెట్టుకి ముక్కు ఆనించి, కొంచెంసేపు ఆలోచించి, వెనక్కి తిరిగింది. నేను నవ్వాను. అప్పుడు నాకు నవ్వే వచ్చింది.

గొడవ మూడో రోజు మొదలైంది. తాబేలు వచ్చింది పైనున్న పాప కోసం. దుమ్ము పుట్టేది కింద. కింద ఊడవకపోతే ఆ నూగు మా కాళ్ళకి అంటుకుని పైకెక్కుతుంది. కింద ఊడుస్తూ కూర్చుంటే పైన పాప పాకే వేళకి నేల తయారుగా ఉండదు. అన్నాల దగ్గర చిన్నవాడు కదిపాడు.

"ఫ్లోరుకొకటి తీసుకోమని కొట్టువాడు అప్పుడే చెప్పాడమ్మా."

"కొట్టువాడు కాలికొకటి తీసుకోమంటాడు. వాడి పని అమ్మటం," అన్నాడు పెద్దవాడు.

చిన్న కోడలు నెమ్మదిగా అంది. ఆ పిల్ల పైన కూర్చుని ఫోన్లో జనాల ఫిర్యాదులకి సమాధానాలు చెప్పే ఉద్యోగం చేస్తుంది. అందుకని గొంతు ఎప్పుడూ లేవదు. "నేను అడిగేది నా కోసం కాదు బావగారూ. పాప నేల మీదే ఉంటోంది. అందుకని."

"పాప కోసమైతే దీన్ని పైనే ఉంచేసుకో," అంది పెద్ద కోడలు. "మాకు చీపురుంది. దుమ్ముకి అలవాటైన ముక్కులు మావి."

"అక్కా, నేనలా అన్నానా?"

"నువ్వు అనలేదులే. నేనే అంటున్నా."

"తాబేలుకి ఎన్ని కాళ్ళని కదా మీరు అడిగేది?" అన్నాడు మా ఆయన. ఆయనకి చెవులు కూడా సెలవు మీద ఉంటాయి. "నాలుగు."

ఎవరూ నవ్వలేదు. అదిగో, అప్పుడు నాకు మా చెల్లెలిల్లు గుర్తొచ్చింది. ఎందుకో చెప్తాను. మా చెల్లెలింట్లో కూడా ఇద్దరు కొడుకులే. వాళ్ళింట్లో రెండో ఫ్రిజ్ వచ్చినప్పుడు మేమంతా వెళ్ళి చూసి, బాగుంది, చల్లగా ఉందని మెచ్చుకుని వచ్చాం. ఆరు నెలల్లో రెండో పొయ్యి వచ్చింది. ఏడాదికి ఆ అన్నదమ్ములు ఒకరికొకరు ఎదురుపడితే చెప్పుల వంక చూసుకుంటూ పోయేవాళ్ళు. ఇళ్ళు గొడవలతో విడిపోతాయని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో, సౌకర్యంగా ఉంటుందని తెచ్చుకున్న రెండో వస్తువుతో విడిపోతాయి.

అందుకని గబుక్కున అనేశాను. "ఒకటి చాలు. పొద్దున్న కింద తిప్పుతాను. పదకొండింటికి పైకి మోసుకెళ్ళి అక్కడ తిప్పుతాను. సాయంత్రం మళ్ళీ కిందకి."

"మోకాళ్ళేవి అత్తయ్యా మీకు?" అన్నారు కోడళ్ళిద్దరూ ఒకేసారి. ఒకేసారి అన్నారు చూడండి, నాకు దానికే ప్రాణం లేచొచ్చింది.

"మోకాళ్ళు నావి, మెట్లు నావి. మీకెందుకు?" అన్నాను.

అలా నేను తాబేలుకి వాహనాన్నయ్యాను. పాత దుప్పటి ముక్కలో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకన వేసుకుని ఎక్కేదాన్ని. ఎనిమిదో మెట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకునేదాన్ని. అక్కడ కూర్చుంటే కింద మిషన్ల చప్పుడూ, పైన చిన్న కోడలి ఫోన్ మాటలూ, పాప కేరింతలూ అన్నీ కలిసి వినిపించేవి. ఇల్లు మొత్తం ఒకేసారి వినిపించే చోటు అదొక్కటే.

తాబేలుని నడపడానికి ముందు చెయ్యాల్సిన పని ఇంకొకటుంది. మా మామగారి కాలం నుంచి మా కొట్లో ఒక కట్టుబాటు. నేల మీద చీపురు పెట్టే ముందు అయస్కాంతం లాగాలి. గుర్రపు లాడంలా వంగిన పెద్ద అయస్కాంతానికి తాడు కట్టి, బల్లల కింద, మిషన్ల కింద, మూలమూలనా లాగితే పడిపోయిన గుండుసూదులు, విరిగిన మిషన్ సూదులు దానికి అంటుకుని వస్తాయి. అది నా పని. పెళ్ళయి వచ్చిన వారం నుంచీ నాదే. మా ఆయన ప్రతిరోజూ కుర్చీలోంచే అడుగుతాడు.

"లాగావా?"

"లాగాను."

నలభై తొమ్మిదేళ్ళుగా రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. మొగుడూ పెళ్ళాలు ఇన్నేళ్ళ తర్వాత ఇంతకంటే ఏం మాట్లాడుకుంటారు లెండి.

నా గురించి ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నాకో పాడు అలవాటుంది. ఇంట్లో ఎవరు ఎవరినైనా ఏమైనా అనబోతుంటే మధ్యలో దూరి, "నేనే చేశాను" అనేస్తాను. కూరలో ఉప్పెక్కువైతే వండింది ఎవరైనా సరే వేసింది నేనే. కాలరు కాలిపోతే ఇస్త్రీ చేసింది నేనే. ఒకసారి చిన్నవాడి బండి తాళం పోయి, వాడు వాళ్ళ వదిన మీద ఎగరబోతుంటే నేనే పారేశానన్నాను. తీరా చూస్తే, ఆ రోజు నేను అసలు ఇంట్లోనే లేను, మా చెల్లెలింట్లో ఉన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. గొడవ ఆగిపోయింది. "ముద్దాయి దొరకని కేసులన్నీ మా అమ్మకి అప్పగించొచ్చు" అనేవాడు పెద్దవాడు. అబద్ధమే, కానీ ఇల్లు కుట్టడానికి పనికొచ్చే అబద్ధం. దారం పైకి కనపడకుండా లోపలివైపు వేసే కుట్టు అది అనుకునేదాన్ని.

సాయంత్రం తాబేలు కడుపు విప్పి బ్రష్షు శుభ్రం చేసేదాన్ని. ఆ బ్రష్షు చూడాలి మీరు. కింది నీలం దారాలూ, పైన చిన్న కోడలి పొడుగాటి వెంట్రుకలూ (కాన్పు తర్వాత ఆ పిల్లకి జుట్టు తెగ రాలేది) ఒకదాంట్లో ఒకటి మెలేసుకుని జడలా బిగిసిపోయి ఉండేవి. అవి చుట్టుకుంటే తాబేలు ఆగిపోయి దాని భాషలో ఏదో అనేది. ఏమంటోందో తెలీదు గానీ, కష్టం చెప్పుకుంటోందని మాత్రం తెలిసేది.

"మళ్ళీ ఆగిందా? అక్కా వాళ్ళ దారాలే అయ్యుంటాయి," అనేది పైనుంచి చిన్న కోడలు.

"దారమైతే తెగుతుంది. తెగనిది దాని జుట్టు," అనేది కింద పెద్ద కోడలు, మిషన్‌కి చెబుతున్నట్టు.

నేను మధ్యలో మెట్టు మీద కూర్చుని, దారాలు తెంపే చిన్న కత్తెరతో రెంటినీ కలిపి కోసి పడేసేదాన్ని. "నా జుట్టేనమ్మా ఇదంతా" అనేదాన్ని. నా నెత్తిన ఉన్నవి నాలుగు తెల్ల వెంట్రుకలు. ఇద్దరూ వాళ్ళవాళ్ళ చోట్లే నవ్వేవాళ్ళు. కానీ ఒకరి నవ్వు ఇంకొకరికి వినపడకుండా నవ్వుకోవడం మొదలుపెట్టారు. నాకు మాత్రం వినపడేది, మధ్యలో ఉన్నాను కాబట్టి.

నెల తిరిగేసరికి మాటలు బాగా తగ్గాయి. చిన్న కోడలు అన్నానికి కిందకి రావడం మానేసి, "కాల్స్ ఉన్నాయత్తయ్యా, పైకి పంపండి" అనేది. పాపని కూడా కిందకి దింపడం లేదు, దుమ్మని. అదివరకు ఆ పిల్ల రోజంతా పెద్ద కోడలి దగ్గరే ఉండేది. కటింగ్ బల్ల మీద కూర్చోబెట్టి, సుద్దముక్క చేతికిస్తే, గుడ్డ మీద గీతలు గీస్తూ ఉండేది. పెద్దదానికి పిల్లలు లేరు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. డాక్టర్లన్నారు, ఆస్పత్రులన్నారు, అదంతా అయిపోయి కూడా ఎనిమిదేళ్ళు దాటింది. పాప పుట్టిన రోజు ఆస్పత్రిలో మొదట ఎత్తుకున్నది అదే. ఇప్పుడు రోజులో పదిసార్లు మిషన్ ఆపి పైకి చెవి పెట్టి వినేది. దగ్గు వినపడితే పెదవులు కదిలేవి. ఎక్కి చూడొచ్చు కదా, పదహారు మెట్లేగా! ఎక్కేది కాదు.

అలాంటిది, ఒక బుధవారం పొద్దున్న, ఎవరిదో పాత పని తాలూకు గులాబీ రంగు గుడ్డ ముక్క ఒకటి నీలం గుట్టలో దొరికింది. పెద్ద కోడలు దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. చూసి చూసి, మెట్ల దగ్గరికెళ్ళి తలెత్తి పిలిచింది.

"ఏయ్, ఒకసారి దిగు. మన దానికి గౌనవుతుందేమో చూద్దాం."

మన దానికి అంది. నేను వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

చిన్నది దిగింది, చంకలో పాప, మెళ్ళో ఫోన్ తీగలు. "పది నిమిషాలే అక్కా టైము, తర్వాత డ్యూటీ."

"పది నిమిషాల్లో నేను పెళ్ళికూతురి బట్టలే కత్తిరిస్తాను. దాన్నిటు ఇయ్యి."

పాపని బల్ల మీద నిలబెట్టారు. ఒకరు భుజాలు పట్టుకుంటే ఇంకొకరు గుడ్డ చుట్టి ఎర్ర తల గుండుసూదులు పెడుతోంది. పాప కుదురుగా ఉండదు. సూదులు రాలిపోతున్నాయి, మళ్ళీ పెడుతోంది. "కదిలావంటే నీకు కూడా యూనిఫారమే కుడతాను" అంటోంది పెద్దమ్మ. చిన్నది పడీ పడీ నవ్వుతోంది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు కొట్లో విని.

నాకు తాబేలుని నడిపే వేళయింది. అయస్కాంతం మేకుకి వేలాడుతోంది. లాగాలంటే ఇద్దర్నీ లేపాలి. బల్ల జరపాలి, కుర్చీలు తియ్యాలి. లేచారంటే ఆ పది నిమిషాలూ అయిపోతాయి. మళ్ళీ ఎన్నాళ్ళకి కూర్చుంటారో.

"లాగావా?" అన్నాడు మా ఆయన.

"లాగాను," అన్నాను.

బొత్తాం నొక్కాను. తాబేలు బల్ల కిందకి దూరింది. కోడళ్ళిద్దరూ నవ్వుతూ నాలుగు కాళ్ళూ పైకెత్తారు. పదకొండింటికి, చిన్నది పైకెళ్ళిన కాసేపటికి, నేను దాన్ని దుప్పట్లో చుట్టుకుని పైకి మోసుకెళ్ళాను. ఆ రోజు ఎనిమిదో మెట్టు దగ్గర ఆగలేదు కూడా. అంత తేలిగ్గా ఉంది ఒళ్ళు.

పన్నెండు దాటింది. ఉల్లిపాయలు తరుగుతున్నాను. పైనుంచి కేక. పాప ఏడుపు కాదు, వాళ్ళమ్మ కేక. పాప ఏడవకపోవడమే ఎక్కువ భయం. అందరం ఒక్క ఉదుటున ఎక్కాం. చిన్న కోడలు నేల మీద కూర్చుని, పాపని ఒళ్ళో వెల్లకిలా వేసి, నోట్లో వేలు పెట్టి వెతుకుతోంది. చెంప లోపల నుంచి దాన్ని తీసింది. అరచేతిలో ఎర్రటి చుక్క కనపడితే ముందు నెత్తురనుకున్నాను. గుండుసూది తల అది. తాబేలు దాని మానాన అది గది మూలలో తిరుగుతూనే ఉంది.

పాపకి ఏమీ కాలేదు. పంటి చిగుళ్ళ మీద చిన్న గీత. సాయంత్రం డాక్టరు చూసి, "అదృష్టం, మింగలేదు" అన్నాడు. అది తర్వాతి మాట.

చిన్నది సూదిని పైకెత్తి పట్టుకుంది. "ఇది నీది అక్కా."

పెద్దది చూసింది. "నాదే."

"తప్పు నాదమ్మా," అన్నాను నేను. "పొద్దున్న అయస్కాంతం లాగలేదు. మీరు కూర్చున్నారు కదాని లేపలేదు. తాబేలు దాన్ని కింద బ్రష్షులో పట్టుకుని పైన వదిలింది. నేను చేశాను ఈ పని."

చిన్న కోడలు నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, విసుగుంది. "అత్తయ్యా, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి. ప్రతిదానికీ మీరే అడ్డం పడితే ఎలా?"

"అడ్డం కాదే. నిజంగా నేనే..."

అప్పటికి మా ఆయన గోడ పట్టుకుని, రొప్పుతూ పైకొచ్చాడు. కోడలికి ధైర్యం చెబుదామని పాపం ఆయన ఉద్దేశం. "లాగిందమ్మా, లాగింది. నేను అడిగాను కూడా. లాగానంది."

నలభై తొమ్మిదేళ్ళలో ఆయన నా తరఫున సాక్ష్యం చెప్పింది అదొక్కసారే.

"ఆయనకి అబద్ధం చెప్పాను," అన్నాను. పెద్దవాడు నా భుజం మీద చెయ్యేసి, "ఊరుకో అమ్మా" అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. చిన్నవాడు డ్యూటీలో ఉన్నాడు. ఇంకెవరున్నారు నన్ను నమ్మడానికి? తాబేలుకి మాటలు రావు. వచ్చినా మాకు అర్థం కాని భాష.

"చూసుకోవాలి కదా అక్కా," అంది చిన్నది. గొంతు లేవలేదు. ఆ పిల్ల గొంతు అప్పుడు కూడా లేవలేదు. "పాకే పిల్ల ఉన్న ఇల్లు. నీకేం తెలుస్తుందిలే, నీకు..."

అక్కడ ఆగిపోయింది. వెంటనే ఆగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం కూడా పెట్టుకుంది. కానీ దర్జీల ఇంట్లో అందరికీ తెలుసు, కత్తెర సగం గుడ్డ దాకా వెళ్ళి ఆగినా సరే, ఆ గుడ్డ మళ్ళీ ఒకటి కాదు.

పెద్ద కోడలు చిన్నదాని చేతిలోంచి సూది తీసుకుంది. తన కాలరుకి గుచ్చుకుంది, పనిలో ఉన్నప్పుడు గుచ్చుకున్నట్టే. పాప కాలు ఒకసారి ముట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. దిగుతుంటే లెక్కపెట్టాను. పదహారు. తర్వాత మిషన్ చప్పుడు మొదలైంది. ఆ రోజు సాయంత్రం దాకా అది ఆగలేదు.

శనివారం చిన్నవాడు రెండో అట్టపెట్టె తెచ్చాడు. ఈసారి తాబేలు తెల్లది. ఎవరూ అన్నం దగ్గర మాట్లాడుకోలేదు, ఒకటా రెండా అని ఎవరూ అడగలేదు. వాడు పెట్టెని కొట్లోంచి మోసుకుపోతుంటే పెద్దవాడు కత్తిరింపు మీదనుంచి తలెత్తలేదు. మెట్ల దగ్గర నన్ను చూసి చిన్నవాడు ఆగాడు.

"ఇంక నువ్వు మొయ్యక్కర్లేదమ్మా," అన్నాడు. నాకేదో బహుమతి తెచ్చినట్టు.

"మంచిదిరా," అన్నాను. ఇంకేమనను?

పెద్ద కోడలు గౌను పూర్తి చేసింది. ఎప్పుడు కుట్టిందో నేను చూడలేదు. ఒకరోజు ఇస్త్రీ చేసి బల్ల మీద పరిచి, మేకు మీద ఉన్న అయస్కాంతం తీసి, దాని మీద రాసింది. ముందువైపు, వెనకవైపు, లోపలికి తిప్పి మళ్ళీ. మూడుసార్లు. "తీసుకెళ్ళి ఇవ్వండి అత్తయ్యా" అంది.

మెట్లెక్కే ముందు అడిగాను. "నువ్వైనా నమ్ముతావా నన్ను? నిజంగానే లాగలేదమ్మా ఆ రోజు."

నా వంక ప్రేమగానే చూసింది. "మీరెప్పుడూ ఇంతే అత్తయ్యా," అని సూదిలో దారం ఎక్కించుకుంది.

పైన చిన్న కోడలు గౌను అందుకుని, "ఎంత బాగుందో" అంది. నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత, నేను చూస్తున్నానని గమనించకుండా, దాన్ని లోపలికి తిరగేసి, కుట్టు కుట్టునా వేలు పోనిచ్చింది. మెడ దగ్గర, చంకల దగ్గర, అంచు చుట్టూ. సూది ఏమీ లేదు. మడతపెట్టి అలమారలో పెట్టింది.

"తాబేలు బ్రష్షు శుభ్రం చెయ్యనా?" అన్నాను.

"మీకెందుకత్తయ్యా శ్రమ. నేను చేసేసుకున్నాను."

కింది తాబేలు బ్రష్షు మాత్రం నేనే చేస్తున్నాను. దారాలే ఉంటాయి, వట్టి నీలం దారాలు. సులువుగా ఊడొచ్చేస్తాయి. పెద్ద కోడలు అన్న మాట నిజమే, దారమైతే తెగుతుంది. మొదట్లో వేళ్ళతో విడదీసి వెతికేదాన్ని, ఒక్క పొడుగు వెంట్రుకైనా ఉంటుందేమోనని.

బళ్ళు తెరిచారు. యూనిఫారాలు వెళ్ళిపోయాయి. పాప దగ్గు తగ్గింది. నిజం చెప్పాలి కదా, బాగా తగ్గింది. వానలు మొదలయ్యాక పైకి ఒక చిన్న పొయ్యి వచ్చింది. "పాలు కాచుకోవడానికేనమ్మా" అన్నాడు చిన్నవాడు. పాలతో మొదలుపెట్టి ఇప్పుడు అన్నమూ కూరా అక్కడే. ఏం వండుకుంటున్నారో వాసన బట్టి కింద మాకు తెలుస్తుంది. మాది వాళ్ళకీ తెలుస్తుంది. మా ఆయన కంచం ముందు కూర్చుని రోజూ అడుగుతాడు, "వాళ్ళు తిన్నారా?" అని. "తిన్నారు" అంటాను. నేను చెప్పేది ఆయన ఎప్పుడూ నమ్ముతాడు.

మొన్న చిన్నవాడు కొట్లోకి వచ్చి, "నాన్నా, ఒకసారి టేపు" అన్నాడు. మా ఆయన ఎందుకని అడక్కుండా మెళ్ళోంచి తీసి ఇచ్చాడు. కొడుకు టేపు అడిగితే తండ్రి ఎందుకని అడుగుతాడా? కిటికీలోంచి చూశాను. వాడు ఇంటి బయట గోడ కొలుస్తున్నాడు, కింద నుంచి పై గుమ్మం ఎత్తు దాకా. పక్కన ఒక మేస్త్రీ నిలబడి కాగితం మీద మెట్లు గీస్తున్నాడు.

టేపు తెచ్చి మళ్ళీ వాళ్ళ నాన్న మెళ్ళోనే వేశాడు. జాగ్రత్తగా, రెండు కొసలూ సమంగా ఉండేట్టు సర్ది మరీ వేశాడు. మంచి పిల్లలు ఇద్దరూ. నలుగురూ మంచివాళ్ళే. అదే నాకు అంతుపట్టనిది.

ఇప్పుడు కింద ఒక తాబేలు తిరుగుతుంది, పైన ఒకటి తిరుగుతుంది. రెండూ మెట్ల దాకా వచ్చి, ఒకటి కింద నుంచి, ఒకటి పైనుంచి, అంచు చూసుకుని వెనక్కి తిరిగిపోతాయి. ఆ పదహారు మెట్లూ ఎవరివీ కావు. అందుకని రోజూ పదకొండింటికి నేను పాత చీపురు పట్టుకుని ఎక్కుతాను. మేకు మీది అయస్కాంతం కూడా తీసుకెళ్ళి ముందు మెట్టు మెట్టునా లాగుతాను. ఏమీ అంటుకోదు. అయినా లాగుతాను.

అదివరకు మెట్లు ఊడవాలంటే విసుగొచ్చేది. నీలం దారాలు, వెంట్రుకలు, పాప తిన్న బిస్కెట్ల పొడి, సుద్ద అంటిన పాదాల గుర్తులు, అన్నీ ఉండేవి. ఎంత ఊడ్చినా గంటలో మళ్ళీ అంతే. "మనుషులా, మేకలా మీరు?" అని అరిచేదాన్ని. చిన్నవాళ్ళింకా కొట్లోంచే పోయి వస్తున్నారు గానీ, రోజుకి ఒక్కసారి దిగడం, ఒక్కసారి ఎక్కడం, అంతే. అది కూడా బయట మెట్లు వచ్చేదాకా. మొన్న వాళ్ళు చిన్న కోడలి పుట్టింటికి వెళ్ళారు. నాకు ఒంట్లో బాగోక మూడు రోజులు మెట్లెక్కలేదు. నాలుగో రోజు, వాళ్ళింకా తిరిగి రాకముందే, చీపురు తీసుకుని వెళ్ళి చూస్తే, ప్రతి మెట్టు మీదా మెత్తగా, సమంగా, గుడ్డ పరిచినట్టు దుమ్ము.

ఎనిమిదో మెట్టు దాకా ఊడ్చి కూర్చుని, తలెత్తి చూశాను. పై ఎనిమిది మెట్ల మీదా ఒక్క అడుగైనా లేదు. కిందకి చూస్తే ఊడ్చిన మెట్ల మీద నా అడుగులే ఉన్నాయి, చీపురు వెనక మళ్ళీ పడ్డవి.

"లాగావా?" అని కింద నుంచి ఆయన అరిచాడు.

"లాగాను," అన్నాను.